గొడుగులాయన హస్తవాసి

పిండి అమ్మబోతే గాలి, ఉప్పు అమ్మబోతే వాన అని సామెత. అది గొడుగులాయన కోసం పుట్టిన సామెత కాదు గానీ, ఆయన పుట్టాక దాని విలువ పెరిగింది. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం చేస్తూనే, సెలవు మీద సెలవు పెట్టి, ఇంటి కింది గదిలో ఆయన నాలుగు వ్యాపారాలు వెలగబెట్టాడు. మొదట గొడుగులు. వానలకు ముందు గది నిండా సరుకు దించితే ఆ ఏడూ, ఆ పై ఏడూ చినుకు రాలలేదు; ఆయనకు పేరు మాత్రం మిగిలింది. తర్వాత చల్లటి సోడాలు. నడి ఎండాకాలంలో మొదలుపెడితే జనం దుప్పట్లు కప్పుకుని తిరిగారు. ఆ తర్వాత కొవ్వొత్తులు. కొట్టు తెరిచిన వారంలోనే వీధికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చి, రోజూ పోయే కరెంటు పోవడం మానేసింది. చివరికి తాళాలు పెట్టాడు. ఊళ్లో దొంగలంతా ఏమయ్యారో తెలియదు. ఒకడు మాత్రం బుద్ధి తెచ్చుకుని పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నాడని విన్నారు.

ఏ కొట్లోనూ ఆయనకు బోణీ కాలేదు. తొలి బేరమే కానివాడికి మలి బేరం ఎక్కడిది? ఆయన భార్య ప్రతి కొట్టూ తెరిచిన రోజు మేడ మీంచి దిగివచ్చి చూసేది. మూసిన రోజు నిచ్చెన కింద నిలబడి, ఒక్కో కట్టా పైకి అందిస్తుంటే ఆయన అటక మీద సర్దేవాడు. నోటికొచ్చినట్టు తిట్టేది, కానీ అందించేది.

రిటైరైన రోజు ఆఫీసువాళ్లు ఇచ్చిన గోడ గడియారాన్ని చంకన పెట్టుకుని ఇంటికి వచ్చి, ఆయన ఆవిడతో ఉన్న మాట చెప్పాడు.

"డబ్బు కోసం కాదే. అవసరం ఉండి వచ్చిన మనిషికి, ఆ అవసరానికి సరిపోయే వస్తువు, నా చేత్తో ఒక్కసారి అందించాలి. ఒక్కసారి. ఆ తర్వాత నోరు మూసుకుని మూల కూర్చుంటాను."

"మీరు నోరు మూసుకోవడానికి ఇంకో కొట్టు తెరవాలా?" అంది ఆవిడ. కానీ మర్నాడు కింది గది ఊడ్చి పెట్టింది.

ఏ వ్యాపారం చేయాలా అని ఆయన బుర్ర గోక్కుంటూ ఉండగానే వీధివాళ్లంతా కట్టకట్టుకుని వచ్చారు. ముందు ఎదురింటి టైలరు.

"అన్నయ్యగారూ, మళ్లీ దొంగలు పడుతున్నారు. మీరు దయచేసి తాళాల కొట్టు తెరవాలి."

గొడుగులాయనకు కళ్లు చెమర్చాయి. "అలాగే! ఎన్ని తాళాలు కావాలి మీకు?"

"అబ్బే, తాళాలు మాకెందుకు? మీరు కొట్టు తెరిస్తే చాలు, దొంగలే పోతారు. అద్దె లాగా ఇంటికింత అని తలా కాస్త వేసుకుంటాం."

మేడ మీంచి ఆవిడ నవ్వు వినపడింది. ఆయనకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ల కష్టాన్ని ఊరు ఎలా లెక్కగట్టిందో ఆ రోజు తెలిసింది. రోషంతో, అటక మీది పాత తాళాలు నాలుగు బల్ల మీద పడేసి, వీపు వీధి వైపు తిప్పి కూర్చున్నాడు. ఆ వారం టైలరు కుట్టుమిషనే పోయింది. టైలరు వచ్చి లబోదిబోమన్నాడు. అప్పుడు అందరికీ అర్థమైంది, ఆయన మనస్ఫూర్తిగా అమ్మబోతే తప్ప అది పనిచేయదని. ఆయన నిట్టూర్చి, తాళాలన్నీ తుడిచి వరసగా వేలాడదీసి, గుమ్మంలో నిలబడి "రండి రండి, మంచి తాళాలు!" అని గొంతు చించుకున్నాడు. తెల్లారేసరికి కుట్టుమిషను టైలరు గుమ్మంలో ఉంది. నూనె కూడా వేసి ఉంది.

ఇక చూడాలి గిరాకీ. వాన పడకుండా పెళ్లి జరగాలంటే గొడుగులు, పరీక్షల రోజుల్లో కరెంటు పోకుండా కొవ్వొత్తులు, ఎండ దెబ్బకు జనం సోలిపోతుంటే సోడాలు. సరుకంతా అటక మీద సిద్ధంగానే ఉంది. ఎవరికి ఏది కావాలంటే ఆయన అది దించి, కొట్టు తెరిచి, నిజాయితీగా అరిచి, నిజాయితీగా దివాలా తీసేవాడు. ఇల్లు గడవడానికి లోటు లేదు. లోటల్లా ఆయన మనసులోనే.

"డాక్టర్లకు హస్తవాసి ఉంటుందంటారు. మీదీ హస్తవాసే లెండి. ఎడమ చేతిది," అనేది ఆవిడ.

"నవ్వు. అందరితో పాటు నువ్వూ నవ్వు."

"నవ్వకపోతే ఇన్నేళ్లు ఎలా కాపురం చేసేదాన్ని?"

ఆ నవ్వే ఒక రోజు ఆగిపోయింది. మామూలు జ్వరంలాగే మొదలైంది. నాలుగు రోజులకు ఆవిడ మంచం దిగలేదు. పదో రోజుకు ముద్ద దిగలేదు. రొట్టె ముక్క నోట్లో పెడితే కాసేపు ఉంచుకుని, ఆయన బాధపడతాడని మింగబోయి, మింగలేక తీసేసేది. డాక్టరు వచ్చి, గుండె విని, కళ్లు చూసి, మెట్ల దాకా వచ్చాక గొంతు తగ్గించాడు.

"మందులు ఇస్తూనే ఉన్నాం. వయసు మీద పడింది కదా. మన చేతుల్లో ఏముంది?"

గొడుగులాయన మెట్టు మీద కూలబడి తన చేతుల వంక చూసుకున్నాడు. డాక్టరు చేతుల్లో ఏమీ లేకపోవచ్చు. ఈ చేతులు మాత్రం పెట్టిన ప్రతి చోటా వానని, ఎండని, దొంగల్ని, కరెంటు కోతని తిప్పికొట్టిన చేతులు. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా బావమరిది దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ తమ్ముడు వడ్రంగి.

"శవపేటికలు చెయ్యి," అన్నాడు రొప్పుతూ.

వడ్రంగి చేతిలో ఉలి జారి కాలి పక్కన పడింది. "బావా! మతి పోయిందా? అక్క మంచంలో ఉంటే..."

"అక్క మంచంలో ఉంది కాబట్టే! కొట్టు పెడుతున్నాను. చావు మీద వ్యాపారం. ఎప్పుడైనా నా సరుకు అమ్ముడుపోవడం చూశావా?"

వడ్రంగి వంగి ఉలి తీసుకున్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎన్ని చేయమంటావు?"

"ఎన్ని చేయగలిగితే అన్ని. ఎంత పెట్టుబడి పెడితే అంత ఖాయంగా మునుగుతాను."

"పొడుగెంత?"

ఆయనకు కొలతలేం తెలుసు? కొట్టు గోడ ఎంత పొడుగో అంత చేయమన్నాడు, గది నిండుగా కనిపిస్తే చాలని. రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్మంతా చెక్క కిందికి మారింది. మూడో రోజుకు కింది గదిలో గోడ వారగా పెట్టెలు బారులు తీరాయి. ఒక్కోదాంట్లో మామూలు మనిషీ, వాడి పిల్లవాడూ కలిసి పడుకోవచ్చు. ఆయన వాటికి మెరుగు పట్టించి, గుమ్మంలో నిలబడి, పైన మంచం మీద ఉన్న మనిషికి కూడా వినపడేలా అరిచాడు.

"రండి రండి, మంచి పెట్టెలు! కలకాలం ఉండే పెట్టెలు!"

పిచ్చి ముదిరిందన్నారు కొందరు. కానీ ఆ రోజు నుంచి ఊళ్లో ఒక్క చావు లేదు. పెద్దాసుపత్రిలో ఇవాళో రేపో అన్నవాళ్లు లేచి కూర్చుని పేపరు అడిగారు. శ్మశానంలో గోతులు తవ్వే మనిషి పార భుజాన వేసుకుని వచ్చి, "ఇంకెన్నాళ్లు తెరుస్తారు బాబూ? పెళ్లాం పిల్లలున్నవాణ్ని," అని మొరపెట్టుకున్నాడు. ఇంతా జరిగినా పైన ఆవిడ జ్వరం తగ్గుతూ పెరుగుతూనే ఉంది. ప్రాణం నిలిచింది గానీ ముద్ద దిగడం లేదు. ఇంకా గట్టిగా అరవాలేమో అని ఆయన గొంతు బొంగురుపోయే దాకా అరిచాడు.

ఆ అరుపు విని ఒకాయన ఆగాడు. నిచ్చెన మాస్టారు అంటారాయన్ని. బడిలో డ్రిల్లు చెప్పి రిటైరైనవాడు. గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచి లోపలికి వచ్చి, పెట్టెల వంక చూసి కొయ్యబారిపోయాడు.

"ఏమండీ, ఇది ఎంత పొడుగు?"

గొడుగులాయన గబగబా అడ్డు వచ్చాడు. "చాలా పొడుగు మాస్టారూ. అనవసరమైన పొడుగు. మనిషికి పనికొచ్చేది కాదు."

"నాకు కావలసింది అదే! ఊరంతా తిరిగాను. ముందుగానే కొని ఉంచుకుందామంటే నా కొలతది ఒక్కటి లేదు. మోకాళ్లు ముడిస్తే సరిపోతుంది లెండి అంటారు. బతికినన్నాళ్లూ గుమ్మాల్లో తల వంచాను, బస్సుల్లో మోకాళ్లు ముడిచాను. పోయాకైనా కాళ్లు చాపుకోనివ్వరా?"

అంటూనే చెప్పులు విడిచి పెట్టెలోకి దిగి పడుకున్నాడు. కాళ్లు చాపాడు. ఇంకా జానెడు మిగిలింది. మాస్టారి ముఖంలో పసిపిల్లాడి ముఖంలో కనిపించే తృప్తి కనిపించింది.

గొడుగులాయన జీవితమంతా ఎదురుచూసిన మనిషి వచ్చాడు. అవసరం ఉండి వచ్చాడు. ఆ అవసరానికి సరిపోయే వస్తువు ఈ లోకంలో ఆయన కొట్లోనే ఉంది. ఇప్పుడు అమ్మితే ఆయన హస్తవాసి విరిగిపోతుంది, పైన ఊపిరి ఆగిపోతుంది. అమ్మనని తరిమేస్తే మనస్ఫూర్తిగా వ్యాపారం చేయనట్టే, అప్పుడూ అంతే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గొయ్యి సైజు పెట్టెలు చుట్టూ ఉండనే ఉన్నాయి.

"చెక్క మంచిదేనా?" అన్నాడు మాస్టారు పడుకునే.

"బ్రహ్మాండమైన చెక్క!" అని వీధికి వినపడేలా అరిచి, గొంతు తగ్గించి, "చెద పడుతుంది," అన్నాడు గొడుగులాయన.

"ఎన్నాళ్లకి?"

"ఏడాదికి."

"ఏడాదికి నాకు మాత్రం పట్టదా? పరవాలేదు. ధర?"

గొడుగులాయన నోటికొచ్చిన ధర చెప్పాడు. ఇల్లు కొనుక్కోవచ్చు ఆ ధరకి.

"సగం ఇప్పుడు, సగం నెలనెలా ఇస్తాను."

"అడుగు చెక్క బలహీనం! మోసేటప్పుడు ఊడిపోతుంది!"

మాస్టారు లేచి కూర్చున్నాడు. "ఆహా! సరుకులో లోపం తనే చెప్పే వ్యాపారిని ఇన్నాళ్లకు చూశాను. ఇక వేరే చోట కొంటే పాపం." అని చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు.

గొడుగులాయన రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. మాస్టారు నోట్లు పట్టుకుని కుడి వైపుకు వస్తే ఆయన ఎడమ వైపుకు, ఎడమ వైపుకు వస్తే కుడి వైపుకు. ఇద్దరు పెద్దమనుషులూ పెట్టెల చుట్టూ దాగుడుమూతలు ఆడుతున్నారు. ఎదురింటి టైలరు కత్తెర పట్టుకునే బయటికి వచ్చి చూస్తున్నాడు.

"ఏమిటా గోల?"

మెట్ల మీంచి వచ్చింది ఆ మాట. ఆవిడ గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతోంది. జుట్టు చెదిరి, మనిషి సగమై ఉంది. కానీ కళ్లలో మంట బాగానే ఉంది.

"పైన ప్రాణం పోతున్నా ఈ బేరం వినలేకపోతున్నాను. మాస్టారూ, మీకు సరిపోయిందా?"

"అచ్చు గుద్దినట్టు సరిపోయిందమ్మా. ఈయనే ఇవ్వడం లేదు."

"నువ్వు పైకి వెళ్లు!" అని అరిచాడు గొడుగులాయన. "ఇది అమ్మితే..."

"అమ్మితే నేను పోతాను. అంతేగా?"

ఇన్ని రోజులూ ఆ మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఆయన పెట్టె అంచు మీద కూర్చుండిపోయాడు. "నాకు భయమేస్తోందే," అన్నాడు. "నువ్వు లేకపోతే నాకు కొట్టూ వద్దు, బోణీ వద్దు. జన్మంతా ఇలాగే మునిగిపోతాను. నువ్వుంటే చాలు."

ఆవిడ మాస్టారి ముందు చెయ్యి చాపింది.

"డబ్బులు ఇటివ్వండి. ఆయన చెప్పిన ధర కాదు, మామూలు ధర. అమ్మింది నేను, బోణీ నాది. ఆయన లెక్కలో ఇంకా సున్నాయే." అని భర్త వైపు తిరిగి, "కూర్చున్నారేం? అటక ఎక్కించేటప్పుడు నేను అందించలేదూ? ఇప్పుడు మీరు అందించండి," అంది.

గొడుగులాయన ఒక కొస, టైలరు ఒక కొస పట్టుకుని పెట్టెను వీధిలోని తోపుడుబండి మీదికి ఎక్కించారు. మాస్టారు తన కొలత పెట్టె పక్కన పెళ్లికొడుకులా నడుచుకుంటూ వెళ్లాడు. వీధి మలుపు తిరిగే దాకా చూస్తూ ఉంటే గొడుగులాయనకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మరుక్షణం ఆ సంతోషానికి హడలిపోయి, వెనక్కి పరిగెత్తుకొచ్చి ఆవిడ ముఖంలోకి చూశాడు.

"ఏమిటలా గుచ్చి గుచ్చి చూస్తారు?"

"ఎలా ఉంది నీకు?"

"ఆకలేస్తోంది."

ఆయన పాలు కాచాడు, సగం పొంగించాడు. మిగిలిన సగంలో రొట్టె తుంచి వేసి తెచ్చాడు. ఆవిడ ఒక పెట్టె మీద కూర్చుని తింది. మొదటి ముద్ద మింగింది. రెండోది మింగింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని, ప్రతి ముద్దకూ తనూ గుటకలు వేశాడు. గిన్నె కింద పెట్టాక కళ్లు తుడుచుకుని లేచి, షట్టరు కిందికి లాగబోయాడు.

"ఇక చాలు. ఈ దరిద్రపు సరుకంతా మీ తమ్ముడికి ఇచ్చేసి అలమరాలు చేయిస్తాను."

"ఉంచండి," అంది ఆవిడ. "రేపు కూడా తెరవండి."

"ఎందుకూ?"

"రేపు కూడా నేనుండొద్దూ?"

ఆయన షట్టరును మళ్లీ పైకి తోశాడు. గుమ్మంలోకి వచ్చి, బొంగురు గొంతు సవరించుకుని, వీధంతా వినపడేలా పిలిచాడు.

"రండి రండి, మంచి పెట్టెలు!"