ఆయాకి వేసిన కుర్చీ

ఎంత తుడిచినా మీటింగు గదిలో కుర్చీల మీది దుమ్ము పోవడం లేదు. గుడ్డ పాతబడిందేమోనని విసుక్కుంది ఆయా. పొద్దున బస్సు ఎప్పుడు ఎక్కిందో, గేటు ఎప్పుడు దాటిందో కూడా గుర్తు రావడం లేదు. వాచ్‌మన్ పలకరించలేదు. పెద్ద టీచరు ఎదురొచ్చి, చూడనట్టే వెళ్ళిపోయింది. అందులో వింతేముంది? చీపురు పట్టిన మనిషికి ఎవరు దండాలు పెడతారు గనక! ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమెకి దక్కిన మర్యాద అదే. మోకాళ్ళ నొప్పులు మాత్రం ఈ వేళ లేవు, అంతవరకు హాయి.

ఆమె బెంగంతా గువ్వ గురించే. మూర్ఛలొచ్చే ఆ పిల్లకి మాటలు సరిగా రావు. ఆయాని చూస్తే మాత్రం "ఆమ్మా" అంటుంది. మొన్న క్లాసులో పడిపోయినప్పటి నుంచీ పెద్ద టీచరుకి గుండెల్లో రాయి పడింది. పిల్లని బళ్ళో ఉంచాలా, ఇంటికి పంపెయ్యాలా అన్నది ఈ మీటింగులోనే తేలాలి. డాక్టరు కూడా వచ్చి కూర్చుంటే గాని ఒప్పుకోనని తల్లి భీష్మించుకుంది. అందుకే డాక్టరమ్మ వచ్చింది.

వస్తూనే అడిగింది, "పిల్ల పడిపోతే ముందు పట్టుకునేదెవరు?"

"ఆయానండీ," అంది తల్లి.

"మరి ఆవిడేదీ? ఆవిడ లేకుండా మనం ఎన్ని ప్లాన్లు వేసుకుంటే ఏం లాభం?"

పెద్ద టీచరు ముఖం చిట్లించింది. "ఇంకా రాలేదండీ. ఫోనూ ఎత్తడం లేదు."

"అయ్యో రామా, ఇక్కడే ఉన్నాను కదమ్మా!" అంది ఆయా గుమ్మంలోంచి. ఎవరూ తల తిప్పలేదు. తల్లి పక్కన కూర్చున్న గువ్వ ఒక్కతే తిప్పి చెయ్యి ఊపింది. తల్లి గుమ్మం వైపు చూసి, ఎందుకో భుజాలు ముడుచుకుంది.

డాక్టరమ్మ తనే ఓ కుర్చీ లాగి పక్కన వేసింది. "వచ్చాక కూర్చుంటుంది లెండి."

ఆ గదిలో కుర్చీలు తుడవడమే గాని కూర్చోవడం ఎరగదు ఆయా. జంకుతూ అంచున కూర్చుంది. ఎంత గర్వంగా అనిపించిందో! కుర్చీలోని మెత్త మాత్రం అణగలేదు.

అంతలో గువ్వ ఒళ్ళు కొయ్యబారి, పక్కకి ఒరిగిపోయింది. ఆయా చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అక్కడెప్పుడూ గుడ్డ చుట్టిన చెక్క చెంచా దోపుకుని ఉంటుంది. పిల్ల నాలుక కరుచుకోకుండా పళ్ళ మధ్య పెట్టడానికి. ఇవాళ అది లేదు! ఆమెకి ప్రాణం పోయినంత పనైంది.

డాక్టరమ్మ కంగారు పడలేదు. పిల్లని మెల్లగా పక్కకి తిప్పి, తల కింద శాలువా మడిచి పెట్టింది. "నోట్లో ఏమీ పెట్టకండి. చెంచాలూ గించాలూ అసలే వద్దు. పళ్ళు విరుగుతాయి, ఊపిరాడదు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సు పిలవండి."

ఆయా గుండె కలుక్కుమంది. ఆమధ్య విరిగిన గువ్వ ముందు పన్ను! ఎక్కడో కొట్టుకుని ఉంటుందనుకున్నారందరూ. తనూ అనుకుంది. "నా చేత్తోనే చేశానా తల్లీ," అని వెక్కివెక్కి ఏడ్చింది. ఒక్క చుక్క కన్నీరు రాలేదు.

గువ్వ ఒళ్ళు సడలింది. కాసేపటికి కళ్ళు తెరిచి, కుర్చీ వైపు చూసి "ఆమ్మా" అంది.

"ఇంతేనా అండీ?" అంది పెద్ద టీచరు చెమట తుడుచుకుంటూ. "ఇంతే అయితే ఉండనీండి పిల్లని. మేమందరం నేర్చుకుంటాం."

అప్పుడే వాచ్‌మన్ వచ్చాడు. చేతిలోని చిన్న గుడ్డచుట్ట ముందుకు చాపాడు. "అమ్మా, మన ఆయా తెల్లారకముందే పోయిందటండీ, నిద్రలోనే. పక్కింటాయన వచ్చి చెప్పాడు. గుప్పిట్లో ఇది ఉందట, బడిదేమోనని ఇచ్చి వెళ్ళాడు."

పెద్ద టీచరు చెయ్యి చాపి దాన్ని అందుకుంది.

'ఓహో, అదా సంగతి,' అనుకుంది ఆయా. భయం వెయ్యలేదు. పిల్ల బళ్ళోనే ఉంటుంది, అది చాలు. ఇప్పుడు నేర్చుకున్నది తన చేత్తో ఒక్కసారైనా చెయ్యలేకపోతున్నానే అన్నదొక్కటే దిగులు. లేచింది. ఎవరూ ముట్టుకోని కుర్చీ కిర్రుమంటూ వెనక్కి జరిగింది. తల్లి కెవ్వుమంది. గువ్వ మాత్రం కుర్చీ నుంచి గుమ్మం దాకా, కిటికీలోంచి గేటు దాకా మెల్లగా చూపు సాగించి, మళ్ళీ చెయ్యి ఊపింది.

వాచ్‌మన్ ఇచ్చినదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పెద్ద టీచరు ఆ కుర్చీలోనే పెట్టింది. చుట్టిన గుడ్డ వదులై చెంచా కొన బయటపడింది, దాని నిండా చిన్న చిన్న పళ్ళ గాట్లు.