పాట తీసేశాక

తీసెయ్యమన్నారు, తీసేశాను. పని రాక చేసిన తప్పయితే ఇంత బాధ ఉండేది కాదు. నాకు పని బాగా వచ్చు కాబట్టే ఇదంతా జరిగింది.

నగరం శివార్లలో, హూడిలో ఫోన్ గేములు తయారుచేసే కంపెనీలో నేను సౌండ్ ఎడిటర్‌ని. బాపట్లలో చర్చి క్వైర్‌లో పాడుతూ పెరిగినదాన్ని, చెవులే నాకు కూడు పెడుతున్నాయి. మా కొత్త గేములో పాతాళగుడి అని ఒక లెవెల్ ఉంది. ఆడేవాడు చీకటి మెట్లు దిగుతూ రాక్షసుల తలలు నరుకుతుంటే వెనకాల ఒక ముసలామె గొంతు వినిపిస్తుంది. ఒక వరుస పాడి, చివర ‘గోవిందా’ అని, కాసేపు ఆగి, మళ్ళీ అందుకుంటుంది. వాయిద్యాలేమీ ఉండవు. ఆ గొంతు వింటే ఒళ్ళు జలదరించేది. దాని కోసమే ఆ లెవెల్ మళ్ళీ మళ్ళీ ఆడేవాళ్ళు ఉండేవారు.

ఆ గొంతు గౌరమ్మది. మాకు మ్యూజిక్ చేసే రాఘవేంద్రకి ఆమె అవ్వ. అదే నగరం పాతబజారు నగర్తపేటలో తరాల నుంచి జరీ అంగడి నడుపుతున్న, మాటలో కన్నడం కలిసే తెలుగువాళ్ళు. రాఘవేంద్ర మంచి మైకు పట్టుకెళ్ళి ఆమె గదిలోనే రికార్డు చేసుకొచ్చాడు.

గేము విడుదలయ్యాక ఎవరో గుర్తుపట్టారు. అది పాడె ముందు నడుస్తూ పాడే పాట. గోవింద నామంతో తలలు నరికిస్తారా అని ఒకరు రాశారు. ఆ తర్వాత గేము మొహం ఎరగనివాళ్ళు కూడా అందుకున్నారు. మా మేనేజర్ గిరిధర్ నన్ను పిలిచాడు.

"మార్తా, ఆ చాంటింగ్ మొత్తం రిమూవ్ చేసెయ్. కానీ లెవెల్ ఫీల్ మాత్రం పోకూడదు."

పెళ్ళికూతుర్ని పంపించేసి పెళ్ళి జరిపించమన్నట్టుంది. అయినా సరేనన్నాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. గొంతు తీసేసిన చోట ఉత్త ఖాళీ వదలకూడదు, చెవి వెంటనే పట్టేస్తుంది. ఏ గదికైనా దాని సద్దు దానికుంటుంది. ఫ్యాను తిరగడం, వీధిలో రొద, గోడల మధ్య గాలి, అన్నీ కలిసిన సన్నని సద్దు. ఆ గది సద్దునే తెచ్చి ఖాళీలో అతకాలి. గౌరమ్మ వరుసకీ వరుసకీ మధ్య చాలాసేపు ఆగింది కాబట్టి నాకు వెతుక్కునే పని లేకపోయింది. పాట మొత్తం కోసేసి, ఆగిన చోట్లన్నీ ఒకదానికొకటి అతికించాను. అతుకులు నాకే కనిపించనంత శుభ్రంగా కుదిరింది. కాస్త మురిసిపోయాను కూడా.

అప్‌డేట్ వెళ్ళింది. తిట్లు ఆగిపోయాయి. వాటి బదులు ఇంకో రకం మెసేజీలు మొదలయ్యాయి. ‘పాతాళగుడిలో వెనక నడిచేది ఎవరు? తిరిగి చూస్తే ఎవరూ లేరు.’ ‘ఆ శత్రువుని ఎలా చంపాలి?’

నా దగ్గర పని నేర్చుకుంటున్న కిరణ్మయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, తీసేసి బల్ల మీద పెట్టింది. "అక్కా, ఇందులో ఫుట్‌స్టెప్స్ ఎవరు యాడ్ చేశారు?"

ఎవరూ చేయలేదు. నేను విన్నాను. ఫ్యాను సద్దు కింద ఎక్కడో ఒట్టి పాదం నేల మీద ఆనింది. మెట్టె రాతికి తగిలినట్టు చిన్న చప్పుడు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఇంకో అడుగు. కంప్యూటర్ తెర మీద చూస్తే గీత చదునుగా ఉంది. కంటికి ఏమీ లేదు, చెవికి మాత్రం ఉంది. రాఘవేంద్ర తెచ్చిన అసలు రికార్డు తీసి విన్నాను. అందులో ఆగిన చోట ఫ్యాను తప్ప ఇంకేమీ లేదు.

అవ్వకి ఒంట్లో బాగాలేదని రాఘవేంద్ర సెలవులో ఉన్నాడు. శనివారం మధ్యాహ్నం నేనే నగర్తపేట వెళ్ళాను. అంగళ్ళ వెనక సందులో, ఇరుకు మెట్లెక్కితే వాళ్ళ ఇల్లు. గౌరమ్మ మంచం మీద పడుకుని ఉంది. ముందు నా కళ్ళు ఆమె పాదాల మీద పడ్డాయి. అరికాళ్ళ నిండా తడి ఇసుక.

"మంచం దిగి ఎన్నాళ్ళాయెనో," అన్నాడు రాఘవేంద్ర. "దినామూ పొద్దున కడుగుతా ఉండాను మార్తా. మళ్ళా ఇట్లే."

గౌరమ్మ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. గొంతు లేదు, గుసగుస మాత్రమే ఉంది. పాట కోసిన దినం నుంచి అంతేనట.

"మధ్యలో ఆగేది ఎందుకనుకుంటివి తల్లీ? నాకు ఆయాసమనా? ఆగేది పోయినోళ్ళ కోసరం. మేము ఒక వరుస పాడితే వాళ్ళు ఒక అడుగు ఏస్తారు. పాట మాది, ఆగిండేది వాళ్ళది."

"రికార్డు చేసినప్పుడు ఇంట్లో ఎవరూ పోలేదు కదా అవ్వా?"

"ఎవురూ పోకుండా అది పాడకూడదు. వీడు వింటేనా? సుమ్నె, ఊరికే ఒక తూరి పాడవ్వా అని ఒకటే పోరు. పోయినోళ్ళ పేరు పెట్టకుండా పాడితే చెల్లదు. ఇంగొకరి పేరు ఎట్ల పెడతాను? నా పేరే పెట్టుకుంటిని."

రాఘవేంద్ర గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"పాట ఉన్నన్నాళ్ళు నాకేం కాలే. పాట పట్టుకోని పోతాము, తిరుగుపాట పట్టుకోని వస్తాము. తిరుగుపాట ఎత్తుకునేలోగా సాకవ్వా, చాలు అని వీడు మిషను ఆపేసినాడు. ఇప్పుడు నువ్వు పాట కోసేసి నడక ఒగటే ఉంచినావు. నడస్తానే ఉండాను. నిలబడదామంటే కాలు నిలవదు. నీళ్ళ సద్దు దగ్గిరికి వస్తా ఉండాది. ఆ నీళ్ళు దాటితే మళ్ళా వచ్చేది లేదు."

మొత్తం తుడిచేస్తానన్నాను, ఆ ఆగిన చోట్లతో సహా.

"నడిచేవాళ్ళ కింద నేల లాగేస్తావా తల్లీ?" అంది, కోపం లేకుండానే.

తిరుగుపాట ఒక్కటే దారి అంది. ఇంటి మనిషి పాడితే పనికిరాదు. ఎదురుపోయి పిలుచుకొచ్చేవాళ్ళ పేరు పాటలో రావాలి. ఎదురుపోయినవాళ్ళు కూడా వెనక్కి వచ్చేది ఆ పాట పట్టుకునే.

"పాటని విడిచిపెట్టకుంటే ఏ భయమూ లేదు," అంది గౌరమ్మ.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. లేదు కాబట్టే నా పేరు పెట్టుకోవడానికి జంకలేదు. ఆమె గుసగుసగా చెబుతుంటే వరుస వరుసా నేర్చుకుని, అదే గదిలో, అదే మైకు ముందు పాడాను. ‘ఇసుక దులిపి రావమ్మ, ఇల్లు పిలిచె రావమ్మ, మార్త ఎదురొచ్చెనమ్మ, గోవిందా.’ ఆమె ఆగమన్న చోటల్లా ఆగాను. యేసయ్యా ఏమీ అనుకోకు అని లోపల అనుకుంటూనే పాడాను.

సోమవారం ఆఫీసులో ఆ పాటని గది సద్దు కింద ఎవరి చెవికీ అందనంత తగ్గించి పెట్టాను. కిరణ్మయితో సహా అందరికీ చిన్న రిపేరు అని చెప్పి అప్‌డేట్ పంపించాను. ఆ సాయంత్రం కిరణ్మయి, నేను చెరో వైపు హెడ్‌ఫోన్ పట్టుకుని విన్నాం. అడుగులు దూరమవుతున్నాయి. ఇంకాసేపటికి అవీ లేవు. మర్నాడు రాఘవేంద్ర ఫోను చేశాడు. అవ్వ పాదాలు పొడిగా ఉన్నాయట. లేచి కూర్చుని, సంగటి కావాలని గట్టిగా అరిచిందట. నేను క్యాంటీన్‌లో అందరి ముందూ ఏడ్చేశాను, సంతోషంతోనే.

ఆ తర్వాత సోమవారం మీటింగుకి వెళ్ళేసరికి గిరిధర్ మంచి హుషారుగా ఉన్నాడు.

"ఎవడో వాల్యూమ్ బూస్ట్ చేసి విన్నాడట. మళ్ళీ చాంటింగ్ దాచారని రచ్చ. సండే నువ్వు చర్చ్‌లో ఉంటావు కదా, ఎందుకు డిస్టర్బ్ చేయడమని కిరణ్మయితో ఫిక్స్ చేయించేశాను. నీ మెథడ్‌లోనే మార్తా! పాట తీసేసి గ్యాప్స్ మాత్రం కలిపింది. సూపర్ క్లీన్. రాత్రే అప్‌డేట్ వెళ్ళిపోయింది."

"నేర్పించినట్టే చేశాను కదక్కా?" అని కిరణ్మయి నా వైపు చూసింది. పాపం, మెచ్చుకుంటానని.

నా పాట ఫైలు ఉందా అని అడగబోయాను. గుసగుస మాత్రమే వచ్చింది.

"అదా? మళ్ళీ ఎవరైనా పొరపాటున వాడతారని డిలీట్ చేయించాను. నేను జాబ్‌లో ఉన్నన్నాళ్ళు ఈ గేములో ఇంక ఏ పాటా మిగలదు," అన్నాడు గిరిధర్.

బల్ల కింద నా కాళ్ళు చల్లగా ఉన్నాయి. వంగి బూటు విప్పాను. సాక్సు తడిసిపోయి ఉంది, దాని నిండా ఇసుక. నేను కుర్చీలోనే కూర్చున్నాను. అయినా నా కాలు ముందుకు పడింది, అది నాకు స్పష్టంగా తెలిసింది. ఎక్కడో నీళ్ళ సద్దు.

రాఘవేంద్రకి మెసేజ్ పెట్టాను. ‘పాట తీసేశారు. ఇప్పుడు నడిచేది నేను. అవ్వని తిరుగుపాట పాడమను. వెంటనే.’

జవాబు వచ్చేలోగా ఇంకో అడుగు పడింది.

‘అవ్వ పాడతానంటా ఉండాది. గొంతు బాగుండాది. ఎదురుపోయేదానికి ఎవరి పేరు పెట్టాలా అని అడగతా ఉండాది.’

నా పేరు పెట్టడానికి లేదు, రావలసింది నేనే. ఇంకొకరి పేరు ఎట్ల పెడతాను అని ఆ ముసలామె తన పేరే పెట్టుకుంది. నేను ఆమె అంత మంచిదాన్ని కాదు. ఆ సంగతి ఆ క్షణానికి ముందు నాకు తెలియదు.

ఎదురుగా గిరిధర్ కుర్చీలో వెనక్కి వాలి, టీ తాగుతూ, ఇంకేవో పాటలు తీసేయించే సంగతి మాట్లాడుతున్నాడు. నేను ఆయన పేరు టైప్ చేసి పంపించాను.