అద్దె కత్తికి బొట్టు

ఆయుధపూజనాటి మధ్యాహ్నం, అన్నం తిని నూకరాజు నడుం వాల్చబోతుండగా, అతని టీవీలోంచి కంపెనీవాళ్ళు ముగ్గురు దిగుతారు. ముందు ఆఫీసరు, వెనక ఇద్దరు మనుషులు. టీవీ గుమ్మం ఇరుకు కాబట్టి తల వంచి, భుజాలు మడిచి, పద్ధతిగా ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ఆఫీసరు మెడలో టై ఉంది. మిగతా ఇద్దరికీ టై కట్టుకోడానికి మెడలు లేవు. తలకాయలు తిన్నగా భుజాల మీదే బోర్లించి ఉన్నాయి.

"రికవరీ అండి," అంటాడు ఆఫీసరు.

వంటింట్లో గిన్నెలు తోముతున్న నూకరాజు పెళ్ళాం వరహాలమ్మకి అది రవకేసరి అని వినబడుతుంది. పండగపూట గడపలోకొచ్చి నోరు తెరిచి అడిగినవాళ్ళకి లేదనడం ఆవిడ వంశంలోనే లేదు. "కూర్చోండి బాబూ, ఇత్తడి గిన్నెడు మిగిలిపోయింది," అంటూ మూడు ప్లేట్లలో పెట్టి తెస్తుంది. ముగ్గురూ తింటారు. ఆఫీసరు చెంచా కూడా నాకుతాడు.

"బాగుందమ్మా. కానీ మేమన్నది రికవరీ. మీవారి కుడిచెయ్యి తీసుకెళ్ళాలి."

"ఏటండీ!" నూకరాజు లేచి కూర్చుంటాడు. "నా ఇంటి ఉప్పు తిని నా చెయ్యే తీసుకెళ్తారా?"

"మేం తిన్నది తీపి సార్. ఉప్పు ముట్టలేదు."

నూకరాజు ఖాళీ ప్లేట్లవంక చూస్తాడు. ఆలోచిస్తే నిజమే.

నూకరాజుకి సామర్లకోట స్టేషన్ రోడ్డులో మటన్ కొట్టు. పగలు కైమా, సాయంత్రం కయ్యం. కొట్టు కట్టేసి, చేతులు కడుక్కుని, టీవీ ముందు కూర్చుని 'రక్తకోట' అనే ఆట ఆడతాడు. మేకల్ని కోసే చెయ్యి కాబట్టి ఆ ఆటలో మనుషుల్ని కూడా అనవసరమైన చోట కొయ్యడు. కీలు చూసి వేస్తాడు, ముక్క ముక్కలా వస్తుంది. అందులో ఒక ఖడ్గం కొనుక్కున్నాడు. పిడి మీద పులిబొమ్మ. ఊళ్ళో సెల్లు రిపేరు కొట్టు పెట్టుకున్న బావమరిది తాతబ్బాయి అన్నీ దగ్గరుండి బిగించిపెట్టాడు.

ఈ పొద్దున పూజ కూడా తాతబ్బాయి సలహాయే. పీట మీద నరుకుడు కత్తి, తోలు తీసే బాకు, త్రాసు, తాతబ్బాయి స్క్రూడ్రైవర్లు వరసగా పేర్చి, చివర ఆట ఆడే కంట్రోలర్ కూడా పెట్టారు. "అదీ ఆయుధవే కదేటి బావా," అన్నాడు తాతబ్బాయి. అక్కడితో ఆగితే బాగుండేది. నూకరాజు వీధి తలుపు బార్లా తీసి, టీవీ వేసి, తెర మీద మెరుస్తున్న ఖడ్గానికి గంధం రాసి, కుంకుమబొట్టు పెట్టి, టీవీ చుట్టూ హారతి తిప్పి, దాని ముందు బూడిదగుమ్మడికాయ పగలగొట్టాడు.

"అదే తప్పు," అంటాడు ఆఫీసరు. "అద్దెకున్నవాడు ఇంటికి సున్నం వేసుకోవచ్చు సార్. గృహప్రవేశం చేసుకోకూడదు."

"అద్దేంటండీ, కొనుక్కున్నాను!"

"'కొనండి' అని రాసున్న చోట నొక్కారు. నొక్కినదల్లా కొన్నట్టయితే మా పీక నొక్కినవాళ్ళు మమ్మల్ని కొన్నట్టే. మీకిచ్చింది, ఆ కత్తిని చూస్తూ నాదీ అనుకోడానికి అనుమతి. మనసులో అనుకున్నంతకాలం మాకేం అభ్యంతరం లేదు. బొట్టు పెట్టారు. ఊరంతా చూసింది."

చాపమీద పడుకున్న తాతబ్బాయి ఒక మోచేతి మీద లేస్తాడు. అతనికి వృత్తిరీత్యా అనుమానాలెక్కువ.

"డబ్బాలో వచ్చే సీడీ అయితేనో?"

"డబ్బా మీది."

"ఫోనులో కొనుక్కున్న పాటలో?"

"మీరు పోయేదాకా వినండి."

"పోయాకా?"

"పోయాక ఎవరూ ఏదీ పట్టుకుపోరు సార్. అది మా కంపెనీ షరతు కాదు, మీ పెద్దలు చెప్పిందే."

తాతబ్బాయి తృప్తిపడి మళ్ళీ పడుకుంటాడు. పక్కకి తిరిగి మాత్రం పడుకోడు.

నూకరాజు తన కుడిచేతివంక చూసుకుంటాడు. ఖడ్గం అందులోనే ఉంది. భోజనాల దగ్గర్నుంచీ ఉంది. అందుకే ఎడంచేత్తో తిన్నాడు, అప్పుడు గమనించలేదు. పులిబొమ్మ పిడి అరచేతి చర్మంలో వేరు దిగింది. వేళ్ళ సందుల్లోంచి పులి మీసాలు బయటికి వస్తున్నాయి.

మెడలేని మనుషుల్లో ఒకడు నూకరాజు గుండెల మీద కాలు పెట్టి కత్తిని లాగుతాడు. భుజం కీలు పటుక్కుమంటుంది. పక్కటెముకల్లో ఒకటి విరిగి, చొక్కా జేబులోంచి తొంగిచూస్తుంది. కత్తి రాదు.

"చూశారా, పట్టుతోసహా మాదే," అంటాడు ఆఫీసరు. "ఆ పట్టు మా ఆటలో పట్టుబడింది."

"పట్టు మా అయ్యదండీ!" నూకరాజు నొప్పి మింగి అరుస్తాడు. "మా అయ్య దగ్గర నేర్చుకున్నాను. నీ ఆట పుట్టకముందు సంగతి!"

ఆఫీసరు బాధగా నాలుక చప్పరిస్తాడు. "అంటే మీ నాన్నగారి పనితనాన్ని మా ఆటలో వాడారా? చెప్పా పెట్టకుండా? అయితే ఆయన చెయ్యి కూడా రావాలి."

రెండో మనిషి గోడ దగ్గరికి నడుస్తాడు. పటంలో నూకరాజు తండ్రి పంచెకట్టుతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, దండ వేసి ఉంది. మనిషి అద్దంలోకి చెయ్యి దూర్చి, ముసలాయన కుడి మణికట్టు పట్టుకుని, బెండకాయ తుంచినట్టు తుంచుతాడు. ముసలాయన అరవడు; ఫొటో తీసేటప్పుడు కదలొద్దన్నారు. రక్తం దండలోని చామంతి రేకుల మీదుగా ఒక్కొక్క పువ్వూ తడుపుకుంటూ గోడ దిగుతుంది.

నూకరాజు కళ్ళు ఎర్రబడతాయి. కుడిచేతి ఖడ్గాన్ని ఎత్తి, ఆఫీసరు మెడకి కొలిచి, టై ముడికి వేలెడు పైన వేస్తాడు. మేకకైతే ఒక్క వేటు. ఖడ్గం మెడలోంచి అటునుంచి ఇటు పోతుంది. మెడ తెగదు. కత్తి పోయిన చోట గుండ్రంగా కుంకుమబొట్టు మాత్రం పడుతుంది.

"ధన్యవాదాలు," అంటాడు ఆఫీసరు.

మళ్ళీ వేస్తాడు. ఇంకో బొట్టు. ఎడంచేత్తో పీట మీది నరుకుడు కత్తి అందుకుని కడుపులో పొడుస్తాడు. కడుపుకి బొట్టు. పొడిచిన చోటల్లా బొట్టు పడి, ఆఫీసరు కాసేపటికి ముత్తయిదువలా కళకళలాడతాడు.

"ఓ బావా, ఆపెహె!" తాతబ్బాయి మొత్తుకుంటాడు. "పూజలో పెట్టినియ్యి రేపు పొద్దున్దాకా పన్జెయ్యవు! ఇయ్యాల ఆటికి సెలవు!"

నిజమే. పూజ చేసిన పనిముట్టుని ఆ రోజు వాడకూడదు. కంపెనీవాళ్ళు అది చూసుకునే ఈ రోజున వచ్చారు.

ఇద్దరు మనుషులూ నూకరాజుని నేలకి అదిమి, చెయ్యి చాపి, మోకాళ్ళతో తొక్కిపెడతారు. అప్పుడు వంటింట్లోంచి వరహాలమ్మ వస్తుంది. చేతిలో రోకలి.

"పొద్దున్న ఇది కూడా పీట మీద పెట్టవయ్యా అంటే ఏమన్నావ్? రోకలీ ఓ ఆయుధవేనా అని నవ్వేవు," అంటుంది మొగుడితో. "దీనికి బొట్టూ లేదు, సెలవూ లేదు. కాస్త తలొంచుకో."

నూకరాజు తల వంచుకుంటాడు. రోకలి అతని జుట్టు మీదుగా గాలి కోసుకుంటూ పోయి మొదటి మనిషి తలకాయని భుజాల మీంచి లేపుతుంది. అది గోడకి తగిలి పగులుతుంది. లోపలనుంచి రక్తం గడులు గడులుగా, మైసూర్‌పాకు ముక్కల్లా, రాలి నేలంతా పరుచుకుంటుంది. రెండోవాడు నోరు తెరుస్తాడు. వరహాలమ్మ ఆ నోట్లోకే దంచుతుంది, పసుపుకొమ్ములు దంచినట్టు, ఊపిరి బిగబట్టి, హుం, హుం అంటూ. పళ్ళు, తర్వాత దవడ, తర్వాత నేల. ఒక్కో పోటుకీ గది ఒక్కో గజం సాగుతుంది. ఆఫీసరు దూరమవుతాడు, ఆవిడ దగ్గరకి నడుస్తుంది.

"ఆ చెయ్యి జోలికొచ్చేవంటే నీకూ ఇదే! ఆ చెయ్యి నాది. పెళ్ళిలో నలుగురి ముందూ నా చేతిలో పెట్టేరు!"

ఆఫీసరు టై సవరించుకుంటాడు. మొహమంతా బొట్లే, చెమట మాత్రం లేదు.

"గుర్తు తెచ్చుకోండమ్మా. పెళ్ళిలో ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారు?"

రోకలి గాలిలో ఆగుతుంది.

"ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు," అంటుంది వరహాలమ్మ.

"కదా. అంటే మీ చెయ్యి ఆయన సొత్తు. ఆయన చెయ్యి మీది కాదు." ఆఫీసరు నూకరాజు వైపు ఎంతో మర్యాదగా వంగుతాడు. "సార్, మీకొక వెసులుబాటు. కంపెనీకి కుడిచెయ్యి ఒకటి కావాలి. మీ సొత్తే కాబట్టి ఆమె చెయ్యి జమ చేసుకుంటాం. మీది మీకుంటుంది. ఆమె చెయ్యి మీదేనా? ఔనంటే పైది నొక్కండి, కాదంటే కిందిది."

అతని చొక్కా గుండీలు రెండు వెలుగుతాయి. పైది పచ్చగా, కిందిది ఎర్రగా.

నూకరాజు నేలమీంచే చూస్తాడు. రేపు దసరా. తెల్లారేసరికి కొట్టు ముందు జనం నిలబడతారు. చెయ్యి లేకపోతే నూకరాజు లేడు. త్రాసు పక్కన కూర్చుని ఈగలు తోలే ఎవరో ఒకడుంటాడు. పైగా అది తన చెయ్యొక్కటే కాదు, అయ్య చెయ్యి కూడా, పటంలోది పోయాక మిగిలిందదే.

తర్వాత రోకలి పట్టుకున్న చేతిని చూస్తాడు. బొటనవేలి మొదట్లో పెనం కాలిన మచ్చ. మట్టిగాజులు రెండు ఈ గొడవలో పగిలి, మణికట్టు మీద నెత్తురు గీత. పెళ్ళిపీటల మీద అది పసుపుతో తడిసి జారిపోతుంటే ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకోనా అని అడగలేదు. అప్పుడెవరూ అడగమనలేదు.

"ఏమయ్యా," అంటుంది వరహాలమ్మ, చాలా నెమ్మదిగా. ఆ ఒక్కమాటే.

పచ్చ గుండీ ముద్దుగా మినుకుమంటుంది. నూకరాజు ఎడంచెయ్యి చాపి ఎర్రది నొక్కుతాడు. గుండీ నొక్కితే గుండె కలుక్కుమంటుంది.

"ఆ చెయ్యి ఆవిడది. నేను పట్టుకున్నానంతే."

"పట్టుకున్నంత మాత్రాన సొంతం కాదంటారు."

"కాదు."

"మేం వచ్చిన దగ్గర్నించీ చెబుతున్నది అదే సార్," అంటాడు ఆఫీసరు, నిజంగానే ఆనందపడి. "మీరు ఒప్పుకున్నాక ఇంక తగాదా ఏముంది?"

వరహాలమ్మ రోకలి దించేలోపు అతను జేబులోంచి చిన్న కత్తెర తీసి మణికట్టు మీద ఆనిస్తాడు. ఎముక మీద కొరకడం మొదలుపెడతాడు. కరకరమంటుంది. రక్తం నూకరాజు మొహం మీద చిమ్ముతుంది. నూకరాజు ఒక నిమిషం పళ్ళ బిగువున ఓర్చుకుంటాడు. తర్వాత ఓర్చుకోలేకపోతాడు, నొప్పి వల్ల కాదు.

"ఎహె, అదేం కొయ్యడవయ్యా! ఎముకల్ని నుగ్గు చేత్తన్నావు. కీలు చూడు, కీలు. కాస్త మెలి తిప్పు. ఆఁ... ఇప్పుడు సందులోకి పోనీ."

ఆఫీసరు చెప్పినట్టు చేస్తాడు. చెయ్యి మెత్తగా, అందంగా ఊడివస్తుంది. అందరికీ చెయ్యిచ్చినవాళ్ళుంటారు, నూకరాజుకి అతని చెయ్యే చెయ్యిచ్చింది. ఖడ్గంతో సహా దాన్ని చంకన పెట్టుకుని, నేలమీద పడున్న ముసలాయన చేతిని జేబులో దోపుకుని, నమస్కారం పెట్టి, ఆఫీసరు టీవీలోకి ఎక్కుతాడు. పోతూ తలుపు వేసుకోడు.

తాతబ్బాయి తువ్వాలు చింపి బావ మణికట్టుకి కట్టు కడతాడు. మూడోసారికి గాని ముడి పడదు. వరహాలమ్మ చీర కొంగు బొడ్లో దోపుతుంది.

"అక్కా, ఎక్కడికే?"

"ఆయన నా చెయ్యి నాకొదిలేడ్రా," అంటుంది వరహాలమ్మ. "ఇప్పుడిది ఎక్కడికెళ్ళమంటే అక్కడికెళ్తాను."

రోకలి భుజాన వేసుకుని టీవీ అంచు మీద కాలు పెట్టి లోపలికి దిగుతుంది. తెర మీద ఆవిడ జానెడు మనిషి అవుతుంది. రక్తకోట గోడల కింద పెద్ద అరటి సంత జరుగుతోంది. గోదావరి వైపు అరటిగెలలో ఒక్కో వరసని హస్తం అంటారు. ఇక్కడ గెలలన్నీ హస్తాలే. గోరింటాకు చేతులు, ఉంగరాల చేతులు, సిరా మరకల చేతులు, పాలబుగ్గల్లాంటి పిల్లల చేతులు, పట్టుకున్నవన్నీ ఊడబెరికేసిన ఒట్టి చేతులు, అన్నీ మణికట్ల దగ్గర కాడకి అంటుకుని, తలకిందులుగా వేలాడుతూ, ఎండకి పసుపుపచ్చగా పండుతున్నాయి. ఆటలు కొనుక్కున్నవాళ్ళవి, పాటలు కొనుక్కున్నవాళ్ళవి. మెడలేని కాపలావాళ్ళు నొక్కి చూసి, మెత్తబడినవాటిని కోసి బళ్ళకెక్కిస్తున్నారు.

వరహాలమ్మ గెలల మధ్య నడుస్తూ గొంతెత్తుతుంది. "ఏమయ్యోయ్! ఏది నీది? పిడికిలి బిగించు!"

నూకరాజు కళ్ళు మూసుకుని, లేని చేతిని బిగిస్తాడు. నరాలన్నీ మెడదాకా తెగేలా బిగిస్తాడు. తెర మీద ఒక పిడికిలి బిగుస్తుంది. పక్కది బిగుస్తుంది. దాని పక్కది. సంతలో ఉన్న పిడికిళ్ళన్నీ, ఎండలో కాయలు పగిలినట్టు చప్పుడు చేస్తూ, బిగుసుకుంటాయి.

వరహాలమ్మ ఏరదు. గెల కాడల మీద రోకలి వేస్తుంది. ఒక్కో దెబ్బకీ ఒక్కో గెల కూలుతుంది. చేతులు దుమ్ములోంచి వేళ్ళమీద లేచి, పీతల్లా పరుగెత్తి, ఒకదాన్నొకటి పట్టుకుంటూ కోటగోడ ఎక్కుతాయి.

ఆ ఎక్కేవాటిలో నూకరాజుదీ ఉంది. చాప మీద కూర్చున్న నూకరాజు లేని అరచేతిలోకి ఎవరిదో చెయ్యి వచ్చి పడుతుంది. చిన్నది, తడిగా ఉంది, గోరింటాకు వాసన వేస్తోంది. జారిపోతోంది. "పట్టుకోనా అమ్మా?" అని అడుగుతాడు. అది అతని వేలు నొక్కుతుంది. అతను బలమంతా పెట్టి పైకి లాగుతాడు. తెరలో ఆ చిన్నచెయ్యి గోడ అంచు దాటి, బురుజు మీదకి ఎగబాకి, కాపలావాడి భుజాల మధ్య వేళ్ళు దూర్చి, అక్కడ లేని మెడ కోసం ఓపికగా వెతుకుతుంది.