కాంపౌండ్ మూసిన వారం

ట్రేలో టీ గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటుంటే, రాఘవేందర్ పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "జర నిమ్మళంగ తేరాదు? ఇంట్ల భూకంపమొచ్చిందా?"

భూకంపం వచ్చి అయిదు రోజులైంది. అందులో సగం అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. అనుపమ ట్రే బల్ల మీద పెట్టి, చేతులు కొంగులో దాచుకుని లోపలికి వచ్చేసింది.

అయిదు రోజుల కింద సర్కారు పట్నంలో కల్లు అమ్మే కాంపౌండ్లన్నీ మూయించింది. ఆ కల్లులో చెట్టు ఇచ్చింది తక్కువ, మత్తు మందు ఎక్కువ అని అందరికీ తెలుసు. పంజాగుట్ట నాలా పక్కన ఉన్నదానికీ తాళం పడింది. మూయమని కాగితం వచ్చింది గానీ, ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఎట్లా మానాలో చెప్పే కాగితం ఈ వీధిదాకా రాలేదు.

లోపలి గదిలో అత్త సత్తెమ్మ గోడ మీది చీమలను ఏరి కొంగున మూటగడుతోంది. గోడ మీద చీమలు లేవు. ఆమెకు కంటి మీద కునుకు లేక మూడు రోజులు. ముప్పై ఏళ్లు అమీర్‌పేట మేడలకు ఇటుకలు మోసిన మనిషి. అందులో ఒక మేడ మూడో అంతస్తులోనే ఇప్పుడు కొడుకు జావా కోచింగ్ నడుపుతున్నాడు. సాయంత్రం ఆరింటికి కల్లు పడకపోతే ఆమె నడుము మంచం మీద వాలేది కాదు. "దొర ఉన్ననాడు వెట్టి చేసినం బిడ్డా, గని కల్లు చెట్టుదే తాగినం. దొర పోయిండు, కంట్రాక్టరొచ్చిండు. చెట్టు సుత పోయింది," అనేది.

అనుపమ బీకాం ఫస్టుక్లాసు. ఆ సంగతి పెళ్లిచూపుల్లో ఒకసారి, పాప స్కూలు ఫారంలో ఒకసారి అక్కరకొచ్చింది. రాఘవేందర్ కోచింగ్ కరపత్రంలో "ఇంటి భోజనంతో శిక్షణ" అని ఉంటుంది. ఆ శిక్షణ ఎవరిదో ఫోటోతో సహా వేశారు. భోజనం దానంతటదే ఉడుకుతుందని చదివినవాళ్లు అనుకోవాలి. మేడ మీది గదిలో ఆరుగురు స్టూడెంట్లు, కింద ఇంటివాళ్లు నలుగురు, రెండు పూటలా వంట. పాప పుట్టిన పదకొండో రోజున పొయ్యి ముందు నడుము పట్టేసి గోడకు ఆనుకుంటే, సత్తెమ్మ స్టీలు క్యాన్ మూత తీసి సగం గ్లాసు కల్లు పోసింది. "తాగు. బాలింతకు మంచిదే. నాకు మా అత్త పోసింది."

నాలుగేళ్లలో సగం గ్లాసు రెండు గ్లాసులైంది. వంటింటి తలుపు ఓరగా వేసి, అత్తాకోడళ్లు పీటల మీద కూర్చునే ఆ పావుగంటలో "అనుపమా, నీళ్లు" అని ఎవరూ కేకేసేవారు కారు. తను అలవాటు పడ్డది కల్లుకా, ఆ పావుగంటకా అని ఆమె చాలాసార్లు అనుకునేది. ఈ అయిదు రోజుల్లో తేలిపోయింది. పావుగంట కోసమైతే ఒంటికి ఇట్లా చెమటలు పట్టవు.

రాఘవేందర్ మొదటి రోజే చెప్పాడు. "అమ్మ వారం ఓర్సుకుంటే అదే పోతది. దవాఖానకు పోతే కల్లు కేసని రాస్తరు, స్టూడెంట్ల ముందర నా ఇజ్జత్ పోతది. ఎవలన్న అడిగితే వైరల్ ఫీవరని చెప్పు." ఆమె చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే, పక్కింటివాళ్లు బ్రెడ్డు పంపారు.

పాప బడికి, అతను పది గంటల బ్యాచికి వెళ్లాక, సత్తెమ్మ ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. కళ్లు తేలేసి, పెదవి కొరుక్కుంది. నురగలో నెత్తురు కలిసింది. అనుపమ ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి, వీధిలోకి పరుగెత్తి ఆటో పిలిచింది. ఆటో ఇద్రీస్ భాయ్ ఒక్క చూపు చూసి, "కల్లు కేసేనా అక్కా? పొద్దుగాలసంది నాకిది నాలుగోది," అన్నాడు. వైరల్ ఫీవర్ అన్న మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

సర్కారు దవాఖాన వరండా నిండా ఆడవాళ్లే. సూది పడ్డాక సత్తెమ్మ ఒళ్లు వదులైంది. బయటి బూత్ నుంచి ఫోన్ చేస్తే, గంటకు రాఘవేందర్ వచ్చాడు. రాసుకుంటున్న సిస్టర్ వరలక్ష్మి దగ్గరికి నేరుగా వెళ్లి, "జ్వరం తలకెక్కి ఫిట్సొచ్చినయ్ సిస్టర్," అన్నాడు.

"కల్లు తాగుతదా?"

"లే."

"సక్కగ చెప్పన్నా. జ్వరమంటే జ్వరం మందే ఇస్తరు. కల్లు మనిషికి వేరే మందు, మెల్లగ తగ్గించుకుంట పోవాలె. ఒక్కపారి బందు పెడితే పానం మీదికొస్తది. పొద్దున ఒకామె ఇట్లనే దాచుకొని సచ్చిపోయింది."

"తాగుతది," అంది అనుపమ. "రోజూ. ముప్పయ్యేండ్ల సంది."

"నువ్వు ఊకో," అన్నాడు రాఘవేందర్ పళ్ల మధ్య నుంచి.

సిస్టర్ రాసుకుంది. "ఇంట్ల ఇంకెవలన్న తాగుతరా?"

"ఎవ్వలు లేరు," అన్నాడతను.

నిజం చెబితే అతని వైపు చుట్టాలు ఏమంటారో, పుట్టింట్లో అన్న ముందు వదిన ఏం నవ్వుతుందో, పాపను తన దగ్గర ఉండనిస్తారో లేదో, అన్నీ అనుపమ కళ్లముందు వరసగా నిలబడ్డాయి. చెప్పకపోతే రేపో ఎల్లుండో ఆ పొయ్యి పక్కనే తను బిగుసుకుపోతుంది. అప్పుడు పాప ఒక్కతే ఉంటుంది ఇంట్లో.

"ఇంకో కాగితం తీయండి సిస్టర్. అనుపమ. ముప్పయ్యొక్కటి. నాలుగేండ్ల సంది."

రాఘవేందర్ ఆమె చేతుల వైపు చూశాడు. చాలా రోజుల తర్వాత చూశాడు.

"పది దినాలు ఉండాలె ఇద్దరు," అంది సిస్టర్.

"మరి వంటెవరు చేస్తరు?" అన్నాడతను.

అది ఒకరు చేస్తేనే అవుతుందని అతనికి తెలుసని అనుపమకు ఆ క్షణాన తెలిసింది. తను ఇంకా చేరలేదు గనక, అత్త కాగితం మీద ఇంటి మనిషిగా తనే సంతకం పెట్టి ఇచ్చింది. సిస్టర్ రెండో కాగితం రాఘవేందర్ ముందుకు జరిపింది. "ఇంటి మనిషి సంతకం."

"నేను పెట్ట. నా పేరు దీని మీద ఉండొద్దు."

మంచం మీది నుంచి, వాచిన పెదవుల్లోంచి సత్తెమ్మ గొంతు వచ్చింది. "పోసింది నేను. ఏలు నేనేస్త."

"పేషెంటుకు పేషెంటు జవాబుదారి ఉండదమ్మా."

సత్తెమ్మ చెయ్యి దించలేదు. సిస్టర్ రాఘవేందర్ వైపు ఒకసారి చూసి, ఇంకు ప్యాడ్ మూత తీసింది. వణుకుతున్న ఆ బొటనవేలిని నిలపడానికి అనుపమ పట్టుకుంది. పట్టుకున్న చెయ్యీ వణికింది. కాగితం మీద ముద్ర అలుక్కుపోయింది.

"నడుస్తది," అంది సిస్టర్.