గడువుకు ఒకరోజు ముందు

బాలకిష్టయ్యకు చదువు రాదు, లెక్క వచ్చు. ఎంత రాయి ఉంది, ఎంతమంది మోయాలి, ఎన్నాళ్లు పడుతుంది అన్నది వేళ్ల కణుపుల మీద బొటనవేలు ఆడించి ఇట్టే చెప్పేసేవాడు. చెప్పిన గడువుకు ఒకరోజు ముందే పని అప్పజెప్పేవాడు. మిగిలిన ఆ ఒక్కరోజూ గుంపు మొత్తం తలకు పోసుకుని, బట్టలు ఉతుక్కుని, హాయిగా కాళ్లు చాపుకునేది. ఇరవై రెండేళ్లుగా ధరూరు చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని వెంటేసుకుని ముంబయి, రత్నగిరి, గుజరాత్ రేవులు తిరిగిన గుంపు మేస్త్రి అతను. వాళ్ల పని సముద్రం ఒడ్డున రాళ్లు పేర్చడం. అల వచ్చి నేలను కోసుకుపోకుండా అడ్డుగోడ కట్టడం. పుట్టిందేమో ఏ దిక్కుకు పోయినా మూడు వందల కిలోమీటర్ల దాకా సముద్రం ఊసే లేని మెట్టపొలాల్లో. బతుకు సగం గడిచింది ఉప్పుగాలిలో.

రెండు వేల అయిదులో ఆ లెక్క తప్పింది. సునామీ వచ్చి మూడు నెలలైంది. దేశమంతా సముద్రం గురించే మాట్లాడుతోంది గానీ సముద్రం పని తెలిసినవాళ్లను పిలిచే నాథుడు లేడు. ముంబయి కాంట్రాక్టరు కొత్తగా రెండు పెద్ద యంత్రాలు కొన్నాడట, ఈసారి మనుషులు వద్దని ఫోన్ పెట్టేశాడు. ఇటు చూస్తే బోర్లు ఎండిపోయాయి, వేరుశనగ చేతికి రాలేదు. ఉగాది లోపల పనికి తీసుకుపోతానని బాలకిష్టయ్య ముప్పై ఏడుమందికి మాటిచ్చాడు. గుంపు మేస్త్రికి ఆస్తి అంటూ ఉంటే అది మాటే. ఒక్కసారి తప్పితే గుంపు ఇంకో మేస్త్రి వెనక పోతుంది, మళ్లీ తిరిగి రాదు. ఉగాది పన్నెండు రోజుల్లో పడింది. బాలకిష్టయ్యకు అన్నం సయించడం లేదు.

అలాంటి పూట గద్వాల బస్టాండు దగ్గర హోటలు నడిపే శ్రీశైలం, పేపరులో జిల్లా పేజీ చూస్తూ కేకేశాడు.

"మేస్త్రీ, ఇగో నీ పనే పడ్డది! ఏదో యూనివర్సిటీ అంట. తీరప్రాంత రక్షణ ప్రాజెక్టుకు కన్సల్టెంట్లు కావాలెనంట. సముద్రం ఒడ్డున పదేండ్లు పనిచేసుండాలె. తుఫాను, అలల కోత, రాతిగోడలు ఎరికుండాలె. సోమవారం వనపర్తిల ఇంటర్వ్యూ, సొంతంగ రావాలెనని రాసిన్రు."

"కన్సల్టెంటంటే ఏం పని?"

శ్రీశైలానికి తెలియదు. తెలియదని చెప్పే అలవాటు కూడా లేదు. "అనుభవమున్నోళ్లు చేసే పని," అన్నాడు.

బాలకిష్టయ్యకు అందులో వింతేమీ కనబడలేదు. ముంబయిలో లేబర్ అన్నారు, రత్నగిరిలో వర్కర్ అన్నారు, గుజరాత్‌లో హెల్పర్ అన్నారు. పిలిచే పేరు మారిందే తప్ప నెత్తి మీది రాయి మారలేదు. ఇప్పుడు కన్సల్టెంటు అంటున్నారు, అననీ.

"ఎంతమంది కావాలెనంట?"

"గది రాయలే."

రాయలేదంటే ఎంతమందైనా పట్టే పనన్నమాట. బాలకిష్టయ్య చాయ్ సగంలో వదిలేసి లేచాడు.

సోమవారం పొద్దున్నే ముప్పై ఎనిమిది మంది ఇళ్లకు తాళాలు వేసి, కొబ్బరికాయ కొట్టి డీసీఎం వ్యాను ఎక్కారు. దాంట్లో బొంతలున్నాయి, బియ్యం మూటలున్నాయి, గడ్డపారలు, తట్టలు, వంటగిన్నెలు, రెండు కోళ్లు కూడా ఉన్నాయి. పనికని బయల్దేరిన గుంపు అటునుంచి అటే పోవాలి గానీ మళ్లీ ఇంటికొచ్చి మూట కట్టుకోదు. కొబ్బరికాయ కొట్టాక పని ముట్టకుండా వెనక్కొచ్చి తాళం తీస్తే ఆ ఏడంతా ఆ ఇంటికి అచ్చిరాదని వాళ్ల పట్టింపు.

వనపర్తిలో ఇంటర్వ్యూ జరిగే కాలేజీ వరండాలో ముగ్గురంటే ముగ్గురే కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కాలు, ఒళ్లో ఫైళ్లు. గేటు దగ్గర బండిలోంచి గడ్డపారలతో దిగుతున్న జనాన్ని చూసి వాళ్లలో ఒకడు, భాస్కర్ అనే అతను, బావి తవ్వడానికి వచ్చారనుకుని దారి చూపించబోయాడు.

"మేం గూడ ఇంటర్వ్యూకే సారు," అన్నాడు బాలకిష్టయ్య.

పేర్లు రాసుకునే గుమస్తా ఉమారాణి ముందు నవ్వింది. తర్వాత నోటీసు తీసి మళ్లీ చదువుకుని నవ్వడం మానేసింది. 'స్వయంగా హాజరైన ప్రతి అభ్యర్థినీ కమిటీ విచారించవలెను' అని అందులో రాసే ఉంది. ఆమె ముప్పై ఎనిమిది పేర్లూ రాసుకుంది. మధ్యాహ్నం ఆమె డబ్బాలోకి కిష్టమ్మ ఇంత గోంగూర పచ్చడి వేసేసరికి అసలు సంగతంతా బయటపడింది. కిష్టమ్మ బాలకిష్టయ్య భార్య. ఎవరి నోట్లోంచైనా మాట రాబట్టడంలో ఆమె మొనగత్తె.

సంగతేమిటంటే, ఆ మూడు ఉద్యోగాలకూ ఆ ముగ్గురూ ముందే ఖాయమైపోయారు. భాస్కర్ అయితే ప్రాజెక్టు డైరెక్టరు రామచంద్రయ్య గారికి స్వయానా బామ్మర్ది. అతను డిగ్రీ గట్టెక్కలేదు కాబట్టి నోటీసులో చదువు మాటే రాయలేదు. కోస్తాలో ప్రకటన వేస్తే సముద్రం తెలిసినవాళ్లు పోటీకి వస్తారని, సముద్రం లేని జిల్లా చూసి ఆ ఒక్క పేజీలో వేయించారు. పైగా వనపర్తిలో డైరెక్టరు గారి చుట్టాలింట్లో పెళ్లి కూడా ఉంది. ఇంత ముందుచూపుతో పన్నిన పన్నాగంలో ఆయనకు తట్టనిది ఒక్కటే. దేశంలో ఏ ఒడ్డున ఏ గోడ లేచినా దాని కింద ఈ పాలమూరు జిల్లా కూలీ చెయ్యి ఉంటుందన్నది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు. వాడు గడ్డపార పట్టుకుని డీసీఎంలో దిగుతాడని ఎవరనుకుంటారు?

"మూడే నౌకరీలంట. అయిదేండ్ల పనంట. మనకియ్యరంట," అంది కిష్టమ్మ.

బాలకిష్టయ్య ఆ మూడు ముక్కల్లో చివరిది విననే లేదు. మూడు, అయిదు అన్న అంకెలు చెవిన పడగానే అతని బొటనవేలు కణుపుల మీద నడవడం మొదలుపెట్టింది. లెక్క తేలేసరికి మొహం విప్పారింది. ఎన్నో రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు.

లోపల ముందుగా భాస్కర్‌ను పిలిచారు. కిటికీ పక్కనే నిలబడ్డ బాలకిష్టయ్యకు మాటలు వినబడుతున్నాయి.

"సముద్రంతో మీ పరిచయం?"

"పెళ్లయిన కొత్తలో విశాఖపట్నం వెళ్లామండీ. మూడు రోజులున్నాం."

"మంచిది, మంచిది," అన్నారు డైరెక్టరు గారు.

కమిటీలో అబ్రహాం అని బయటి సభ్యుడు ఒకాయన ఉన్నాడు. కాకినాడ వైపు మనిషి, రేవుల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. మొదటినుంచీ ఆయన కునికిపాట్లు పడుతూనే ఉన్నాడు. బాలకిష్టయ్య లోపలికి వచ్చి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, కుర్చీ ఉన్నా కూర్చోకుండా నిలబడ్డాక ఆయన కళ్లు తెరిచాడు.

"గోడ ముందు ఎక్కడ దెబ్బతింటుందయ్యా?"

"అడుగున సారు. పైన పలిగిందని అందరు పైనే అతుకులేస్తరు. అల అడుగునుంచి ఇసుక తోడుకపోతది. కాలికి దెబ్బ తాకితె నెత్తికి పట్టీ కట్టినట్టు అయితది."

"మరి నున్నగా కడితేనో?"

"నున్నగ కడితె అల కోపమంత గోడ మీదనే తీర్సుకుంటది. సందులు ఇడిసి పేర్సాలె సారు. నీళ్లు లోపటికి పోయి మళ్లొచ్చేటాల్లకు దాని దమ్ము తీరిపోతది."

"ఒడ్డున ఇసుక కొట్టుకుపోయిందనుకో, వెంటనే గోడ కట్టేయాలా?"

"తొందరపడొద్దు. పడమటి సముద్రంల వానకాలం పోయిన ఇసుక దీపావళి దాటినంక దానంతట అదే వస్తది. ఒక్క ఏడు సూసి, రాకుంటె అప్పుడు కట్టాలె."

అబ్రహాం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రామచంద్రయ్య గారూ, ఈ మాట నాకు అర్థం కావడానికి పదేళ్లు పట్టిందండీ," అన్నాడు.

డైరెక్టరు గారి మొహం మాడిపోయింది. "చూడు బాలకిష్టయ్యా, అనుభవం ఉంది, కాదనను. కానీ ఉన్నవి మూడే పోస్టులు. మీరేమో ఊరు ఊరంతా వచ్చారు."

బాలకిష్టయ్య ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. చెయ్యి ముందుకు చాపాడు.

"లెక్క సూసుకున్న సారు. ముగ్గురు, అయిదేండ్లు. అంటె నూట ఎనభై నెలల పని. మేం ముప్పై ఎనిమిది మందిమి. మూడే పేర్లు రాసుకోండ్రి, పని అందరం పంచుకుంటం. అయిదు నెలలు గూడ పట్టది. వినాయక చవితికి ముందే అప్పజెప్పి పోతం. గడువుకు ఒకరోజు ముందే ఇస్తం సారు, మా గుంపు మాట గది."



"పూర్తి చేసేస్తారా? అంటే, మొత్తం?" అన్నారు డైరెక్టరు గారు.

"మొత్తం సారు. జర గూడ మిగల్చం."

"ఇది అయిదేళ్ల ప్రాజెక్టయ్యా! అయిదు నెలల్లో అయిపోతే మిగతా నాలుగేళ్ల ఏడు నెలలూ మేమేం చేయాలి?"

"ఇంకో పని దేవులాడుకోవాలె సారు. మేం గట్లనే చేస్తం."

అబ్రహాంకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, నీళ్లు తాగి, మళ్లీ నవ్వాడు. ఆ తర్వాత మిగతా ఇద్దరు సభ్యులతో గంటసేపు వాదించాడు. చివరికి సంతకం పెట్టనని లేచి, సంచి భుజాన వేసుకుని బస్టాండుకు వెళ్లిపోయాడు. రెండు సంతకాలు చాలట.

పొద్దు గుంకే వేళకు గోడమీద కాగితం అంటించారు. దాని మీద మూడు పేర్లున్నాయి. అవి ఎవరివో చదవడానికి చదువు అక్కర్లేదు, భాస్కర్ పంచుతున్న లడ్డూలే చెప్పాయి.

బాలకిష్టయ్య ఉమారాణి దగ్గరికి వెళ్లాడు. "నాకేం తక్కువైంది బిడ్డా? జర సూసి చెప్పు. మళ్లొకపారి దిద్దుకుంట."

ఆ పిల్ల అటూ ఇటూ చూసి కాగితం తీసింది. మార్కుల్లో అందరికన్నా పైన ఉన్న పేరు అతనిదే. దాని పక్కన డైరెక్టరు గారు స్వహస్తాలతో ఒక మాట రాశారు. ఉమారాణి గొంతు తగ్గించి చదివింది.

"అభ్యర్థి అనుభవం అపారం. అయితే చేపట్టిన పనిని త్వరగా పూర్తిచేసే స్వభావం కనబడుతోంది. దీర్ఘకాలిక ప్రాజెక్టుకు తగడు."

ఇంకోసారి చదవమన్నాడు. చదివింది. ఇరవై రెండేళ్లుగా ఏ గుణం చూసి కాంట్రాక్టర్లు అతన్ని వెతుక్కుంటూ వచ్చారో అదే ఇప్పుడు తప్పయి కూర్చుంది. బాలకిష్టయ్యకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. తువాలతో మొహం తుడుచుకుని బయటికి నడిచాడు.

బయట గుంపు మూడు రాళ్ల పొయ్యి పెట్టి అన్నం వండుతోంది. అందరి కళ్లూ అతని మీదే ఉన్నాయి. ఇళ్లకు వేసిన తాళాలు, కొట్టిన కొబ్బరికాయ, ఇచ్చిన మాట అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఏమని చెప్పాలి? గుంపులో పెద్దది రుక్కమ్మ, గంటె పట్టుకునే అడిగింది. "ఎప్పుడు పోతున్నం మేస్త్రీ?"

అతను నోరు తెరవబోయేలోపు భాస్కర్ పరుగులాంటి నడకతో వచ్చాడు. పక్కకు పిలిచి, లడ్డూ చేతిలో పెట్టి, మెల్లగా అన్నాడు.

"మేస్త్రీ, ఒక చిన్న మాట. తీరంలో ఒక కిలోమీటరు నమూనా గోడ కట్టించాలి. అది మా ముగ్గురి బాధ్యతట. నిజం చెప్తున్నా, మాకు రాయి గురించి ఏమీ తెలియదు. కూలీల పద్దు వేరే ఉంది, అందులో మీ గుంపు మొత్తాన్నీ పెట్టుకోవచ్చు. ఈ రాత్రికే బయల్దేరొచ్చు. అక్కడ మాకు ఏది ఎలాగో చెప్తుండాలి, అంతే."

ముప్పై ఎనిమిది మందికీ పని! ఇచ్చిన మాట నిలబడింది!

"కాకపోతే బావగారు ముందు ఒకటి కనుక్కోమన్నారు. గోడకు ఎన్నాళ్లు పడుతుంది?"

బొటనవేలు దానంతట అదే కణుపుల మీదికి ఎక్కింది. ఒక కిలోమీటరు, ముప్పై ఎనిమిది మంది, మధ్యలో వానలు. నాలుగు నెలలు, కాదంటే ఇంకో వారం. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ ఆగింది. పొయ్యి దగ్గర గంటె పట్టుకుని నిలబడ్డ రుక్కమ్మను చూశాడు. డీసీఎంలో మూటల మీద కూర్చున్నవాళ్లను చూశాడు. చెయ్యి తీసి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"అయిదేండ్లు పడతది సారు," అన్నాడు.

భాస్కర్ మొహంలోకి ప్రాణం వచ్చింది. "చూశావా, అనుభవమంటే ఇదీ!" అని భుజం తట్టి, ఆ మాట చెప్పడానికి లోపలికి పరుగెత్తాడు.

పని దొరికిందన్న మాట పాకి గుంపులో ఈలలు, కేకలు. గిన్నెలు బండిలోకి ఎక్కుతున్నాయి, కోళ్లు అరుస్తున్నాయి. అందరూ సంబరంలో ఉంటే బాలకిష్టయ్య ఒక్కడే తప్పు చేసినవాడిలా తలొంచుకుని బండి చక్రం దగ్గర నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక పని గురించి అతను అబద్ధం ఆడింది ఇదే మొదలు.

కిష్టమ్మ అంతా విన్నది. ఇరవై రెండేళ్లు అతని పక్కన రాళ్లు మోసిన మనిషికి ఆ మాత్రం లెక్క రాకపోదు. దగ్గరికొచ్చి అడిగింది.

"నిజంగ ఎన్ని దినాలయ్యా?"

"నాలుగు నెలలు."

కిష్టమ్మ అతని జేబు వంక చూసింది.

"మరి మిగిలిన నాలుగేండ్ల ఎనిమిది నెలలు తలకు పోసుకుంటనే కూసుంటమా?"

జేబులో చెయ్యి అలాగే ఉంచుకుని బాలకిష్టయ్య బండి ఎక్కాడు.