గొంతు మారకుండా

గొంతు మారకూడదు, ఈ సర్వే ఉద్యోగంలో మొదటి పాఠం అదే, మన ఇష్టాయిష్టాలు గొంతులో తెలిశాయంటే అవతలివాళ్ల జవాబు పాడైపోతుంది అంటుంది సూపర్‌వైజరు, ఆవిడవి పాము చెవులు, అందుకే తను హెడ్‌ఫోను సర్దుకుని, ఆడవాళ్లిద్దరు గానీ మగవాళ్లిద్దరు గానీ పెళ్లి చేసుకుంటే చట్టం ఒప్పుకోవాలా వద్దా అని పొద్దుటినుంచీ ముక్కూ మొహం తెలియనివాళ్లని ఒకే గొంతుతో అడుగుతోంది, ఒకాయన ఛీఛీ అని ఫోన్ పెట్టేశాడు, ఒకావిడ ఎవరి పెళ్లి వాళ్లది, మధ్యలో నాకేం నొప్పి అంది, ఆ మాటకి తన గుండె కాస్త కుదుటపడింది, కానీ అదే మీ ఇంట్లో అయితే అన్న రెండో ప్రశ్న చదివేసరికి ఆవిడా నీళ్లు నమిలింది, అందరూ నమిలేది అక్కడే, తను మాత్రం ఏం వెలగబెట్టింది, పొద్దున కూతురు గుమ్మంలో కూర్చుని బూట్ల లేసు కట్టుకుంటూ, తలెత్తకుండా, అమ్మా, వచ్చే నెల నేనూ మన నర్సమ్మాయీ పెళ్లి చేసుకుంటున్నాం, నువ్వొస్తావా అంటే, ఏళ్ల తరబడి జవాబులు చదివిన అలవాటు, నాలుక దానంతటదే తిరిగి, చెప్పలేను అనేసింది, ఇదే గొంతుతో, ఎత్తూ పల్లం లేకుండా, పైగా, అడిగినందుకు థాంక్స్ అని కూడా అంది, కూతురు నవ్వి, ఇంకేమైనా ప్రశ్నలున్నాయా మేడమ్ అని వెళ్లిపోయింది.

తను తిట్టలేదు కదా, ఏడవలేదు, వద్దనీ అనలేదు, మరెందుకీ గుబులు, ఆ నర్సమ్మాయి మంచిదే, వచ్చినప్పుడల్లా అడక్కుండానే గిన్నెలు కడిగేసి పోతుంది, కొడుకుండి కోడలై వచ్చి ఉంటే నెత్తిన పెట్టుకునేది, రేపు తోడికోడలు మూతి తిప్పితే ఏం చెప్పాలి, హలో, హలో, అవతల ఎవరో ముసలావిడ, మా ఇంట్లో అయితేనా, ముందు నాలుగు తిడతాను, తిట్టి వెళ్తాను, నేను లేకపోతే పెళ్లిరోజున దానికి తలెవరు దువ్వుతారు, రాసుకో, ఏమని రాయనండీ, అవుననా కాదనా, నీకు తోచింది రాసుకో తల్లీ, ఇంతకీ నీకు ఆడపిల్లలున్నారా, మేమవి చెప్పకూడదండీ, ఓసి నీ ఉద్యోగం, కన్నపిల్ల ఉందని చెప్పడానికీ పర్మిషన్ కావాలటే, అని ఫోన్ పెట్టేసింది.

తెర మీద మూడు గళ్లు, అవును, కాదు, చెప్పలేను, ఇక్కడ చెప్పలేనివాళ్లకి విడిగా ఒక గడి ఉంది, వాళ్లని ఎవరూ ఇటూ అటూ కలపరు, ఇంట్లో అలాంటి గడి ఎక్కడుంది, గుమ్మంలో కూర్చుని అడిగిన పిల్ల ఆ మాటని ఎందులో వేసుకుంటుంది, కాదులోనే, కాదులోనే వేసుకుని వెళ్లిపోయింది.