ఫ్రీజర్‌లో పెట్టని గుడ్డ

మ్యూజియంలో ప్రదర్శన రేపు పదింటికి మొదలు. ఈ రోజు పొద్దున అత్తయ్య ట్రంకుపెట్టె తెరిచి, మా పిల్ల ఉన్ని టోపీ తీసి కిటికీ వెలుతురుకి పట్టుకుంది. టోపీ నిండా చిల్లులు.

“పురుగు కొట్టేసిందమ్మాయ్. జల్లెడైపోయింది చూడు,” అంది.

వారం కిందట ఆ పెట్టెలోంచే ఓ గుడ్డ తీసి మ్యూజియంకి పట్టుకెళ్లాను.

అక్కడ నా పని దిండ్లు కుట్టడం. అద్దాల పెట్టెల్లో పాతకాలపు బట్టల కింద అవే ఉంటాయి. ఇదివరకు స్పాంజి వాడేవారు, ప్రదర్శన అయిపోగానే చెత్తబండి ఎక్కించేవారు. ఈసారి కొత్తదేదీ కొనేది లేదన్నారు మ్యూజియం చూసుకునే మేడం. పోయినసారి గోడపలకలే ఇప్పుడు బల్లలయ్యాయి. స్పాంజికి బదులు, ఇళ్లలో వాడి వాడి మెత్తబడ్డ నూలుగుడ్డలు. షరతు ఒక్కటే. ఏ గుడ్డయినా సంచిలో మూసి రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉండాలి. కంటికి కనబడని పురుగుగుడ్లు అలా చస్తాయట.

ఆఖరి దిండుకి గుప్పెడు గుడ్డ తగ్గింది. రెండు వారాలు ఆగే వ్యవధి లేదు. పిల్ల పుట్టినప్పుడు చుట్టిన గుడ్డ గుర్తొచ్చింది. దాన్ని నా చేత్తో ఉడకబెట్టి, ఉతికి, ఎండలో వేసి దాచాను. నా బిడ్డ ఒంటికి చుట్టినదానికంటే శుభ్రమైనది ఇంకేముంటుంది అనుకున్నాను. దిండులో కూరి కుట్టేశాను. దాని మీద ఇప్పుడు నూరేళ్లనాటి ఉన్ని శాలువా పరిచి ఉంది.

నేను వెళ్లేసరికి వడ్రంగి బాబాయి బల్లకాళ్లు బిగిస్తున్నాడు.

“ఏంటమ్మా, మొహం అలా వేలాడేశావు? రేపు నిన్ను కూడా పెట్టెలో పెడతామన్నారా?”

“ఆ శాలువా అద్దం తీయడానికి ఎంతసేపు పడుతుంది బాబాయ్?”

సంగతంతా చెప్పాను. స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

“నోరు మూసుకుని ఊరుకో. మూడు నెలల్లో ఎలాగూ విప్పుతాంగా. అప్పుడు చూసుకుందాం.”

“ఈ టోపీ పెట్టెలో పెట్టి మూడు నెలలు కూడా కాలేదు.”

అతను స్క్రూడ్రైవర్ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

మేడం గది గుమ్మం దగ్గర ఆగాను. ఏడో తరగతితో ఆగిపోయిన నన్ను, చంటిపిల్లతో సహా పనికి రానిచ్చిన చోటు ఇదొక్కటే. లోపలికెళ్లి గడగడా అప్పజెప్పేశాను.

“ఉతికావా?” అన్నారు.

“ఉడకబెట్టి ఉతికానండి. పెట్టెలో ఉన్నితో కలిపి దాచాను. ఇదిగోండి ఆ టోపీ.”

ఆవిడ కుర్చీతో సహా వెనక్కి జరిగారు. “దాన్ని ఇక్కడికి తెచ్చావా?”

“మూడు సంచుల్లో ముడేశానండి.”

“తల్లీ, నీకో దండం. ముందు దాన్ని బయట పెట్టిరా.”

బాబాయి అద్దం తీశాడు. మేడం భూతద్దం పెట్టి శాలువా అంచులన్నీ వెతికారు. దిండు కుట్లు వెతికారు. ఏమీ కనబడలేదు. నాకు ఊపిరి వచ్చింది.

“కనబడలేదంటే లేవని కాదు. రెండూ ఫ్రీజర్‌లోకి,” అన్నారు ఆవిడ.

“రేపు పెట్టె ఖాళీగా ఉంటుందాండీ?”

“ఉంటుంది. జనం అడిగితే ఎందుకో చెప్తాను.”

“మరి నేను... రేపు రానాండీ?”

ఆవిడ శాలువాని కాగితంలో చుడుతూనే ఉన్నారు. “నీ సంగతి రెండు వారాలయ్యాక, దీన్ని బయటికి తీసినప్పుడు మాట్లాడదాం. అప్పటిదాకా పనికి రా.”

సంచి మీద చీటీ అంటించాలి. వస్తువు, తేదీ, బాధ్యులు. నా రాత వంకర అని ఇన్నాళ్లూ బాబాయి చేతే రాయించేదాన్ని. ఇప్పుడూ అతను పెన్ను తీశాడు.

“ఇటివ్వు బాబాయ్,” అన్నాను.

మూడో గీత మీద నా పేరు రాశాను. రెండు అక్షరాలు కిందికి జారాయి. సంచిని ఫ్రీజర్‌లో పెట్టి, దాని మూత పడిందో లేదోనని రెండుసార్లు నొక్కి చూశాను.